కోఠీ రెసిడెన్సీ ఎవరి ఇల్లు? ఖైరున్నిసా బేగం కథ

మన నస్రుల్లాబాద్‌లో గానీ, బాన్సువాడలో గానీ ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా పెద్దలు ముందు అడిగేది ఒక్కటే. కాగితం ఎవరి పేరు మీద ఉంది? హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున 200 ఏళ్లు దాటిన ఒక ఇల్లు ఉంది. కోఠీ విమెన్స్ కాలేజీ అంటే అందరికీ తెలుస్తుంది. ఆ ఇంటి విషయంలో కూడా ఈ ప్రశ్న అడిగి చూద్దాం. చేతులు మారిన వాళ్ల పేర్లు చాలానే వస్తాయి. ఆ ఇంటి కథ చెప్పేటప్పుడు అందరూ తలుచుకునే పేరు మాత్రం ఆ లిస్టులో ఉండదు. ఆ పేరు ఖైరున్నిసా బేగం.

ఖైరున్నిసా 1786 ప్రాంతంలో హైదరాబాద్‌లోని పెద్ద సయ్యద్ ఖాందాన్‌లో పుట్టారు. తల్లి షరఫున్నిసా బేగం. తల్లి తరఫు తాత బాకర్ అలీ ఖాన్ నిజాం కొలువులో పెద్ద హోదాలో ఉండేవారు. దర్బారులో చక్రం తిప్పిన మీర్ ఆలం కూడా వీళ్లకు దగ్గరి బంధువే.

అప్పట్లో నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫు ప్రతినిధిని రెసిడెంట్ అనేవారు. ఆ పదవిలో ఉన్నది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఫార్సీ బాగా వచ్చు, ఇక్కడి బట్టలే కట్టేవాడు. నిజాం అలీ ఖాన్ ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదు ఇచ్చారు. సుల్తాన్ బజార్ దగ్గర హష్మత్‌గంజ్ అనే పేరు అలా వచ్చిందే. ఖైరున్నిసాను చేసుకోవడానికి ఆయన ఇస్లాం స్వీకరించాడు. 1800-1801 మధ్యలో గుట్టుగా నిఖా అయింది. అప్పటికి అమ్మాయికి పదిహేనేళ్లు కూడా నిండలేదేమో. ఈ పెళ్లి కబురు కలకత్తా దాకా పోయింది. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణ పెట్టించాడు. కిర్క్‌పాట్రిక్ ఉద్యోగం ఊడినంత పనైంది. అయినా ఆయన భార్యను వదల్లేదు.

ఇక ఇంటి సంగతి. స్థలం నిజాంది. కిర్క్‌పాట్రిక్ పెద్ద నక్షా గీయించి తెస్తే నిజాం కాదన్నారట. అదే నక్షాను చిన్న కాగితం మీద గీసి తెచ్చేసరికి సరేనన్నారట. ఇది హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట. ఖర్చు కూడా నిజాం ఖజానాదే. మద్రాస్ ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ కట్టడం చూసుకున్నాడు. 1803 ప్రాంతంలో పని మొదలైంది. ముందు ఎత్తయిన స్తంభాలు, వాటి కింద వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. వెనక తోటలో ఖైరున్నిసా కోసం వేరేగా జనానా కట్టించారు. దాని పేరు రంగ్ మహల్. పర్దాలో ఉండే బేగం పెద్ద భవనం వైపు రాలేరు కాబట్టి, ఆమె చూసుకోవడానికి తోటలోనే ఆ భవనం చిన్న నమూనా కట్టించారని చెబుతారు. ఆ నమూనా ఈరోజుకీ ఉంది.

ఇద్దరు పిల్లలు పుట్టారు. 1801లో బాబు, మీర్ గులాం అలీ. 1802లో పాప, నూరున్నిసా. 1805లో తండ్రి ఇద్దరినీ చదువు కోసం ఇంగ్లాండ్ పంపాలని నిర్ణయించాడు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ల బొమ్మ గీశాడు. బాబుకు నాలుగేళ్లు, పాపకు మూడు. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అదే ఏడాది అక్టోబర్ 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. భార్యకు జాగీర్లు, నగలు ఉన్నాయని, ఆమెకు పెద్దగా ఏర్పాటు అక్కర్లేదని వీలునామాలో రాశాడు. ప్రేమకు గుర్తుగా పది వేల రూపాయలు రాశాడు.

నేను కామర్స్ చదివినవాడిని కాబట్టి నా చూపు లెక్క మీదికే పోతుంది. ఇల్లు రెసిడెంట్ పదవికి చెందింది, రెసిడెంట్‌కు కాదు. ఆయన పోగానే కుర్చీలోకి ఇంకొకరు వచ్చారు. రంగ్ మహల్ మీద బేగంకు హక్కు మిగల్లేదు. పందొమ్మిదేళ్లకే వితంతువు అయ్యారు. భర్త సమాధి చూడటానికి కలకత్తా వెళ్లారు. అక్కడ ఆయన సహాయకుడు హెన్రీ రస్సెల్ దగ్గరయ్యాడు. ఆ విషయం తెలిసి మీర్ ఆలం ఆమెను హైదరాబాద్‌లోకి అడుగు పెట్టనివ్వలేదు. సముద్రం ఒడ్డున మచిలీపట్నంలో కొన్నాళ్లు ఉండాల్సి వచ్చింది. రస్సెల్ మద్రాసు వెళ్లి వేరే పెళ్లి చేసుకున్నాడు. మీర్ ఆలం చనిపోయాక గానీ ఆమె సొంతూరు చేరలేదు. 1813 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. వయసు 27 ఏళ్లు. అప్పుడు రెసిడెంట్ కుర్చీలో ఉన్నది అదే రస్సెల్.

పిల్లల పేర్లు ఇంగ్లాండ్‌లో మారిపోయాయి. నూరున్నిసా కిట్టీ కిర్క్‌పాట్రిక్ అయింది. 1841 నుంచి అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరాలు నడిచాయి. అప్పటికి ఆ ముసలావిడ ఆస్తులు పోగొట్టుకుని ఇబ్బందుల్లో ఉన్నారు. అమ్మమ్మా మనవరాలూ మళ్లీ కలవకుండానే ఆమె పోయారు.

ఇంటి కథ మాత్రం ఆగలేదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని ఈ రెసిడెన్సీ మీదికే వెళ్లారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో, మన కామారెడ్డి నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో వచ్చే తూప్రాన్ దగ్గర చంపారు. మౌల్వీని అండమాన్ పంపారు. కంపెనీ పోయి బ్రిటిష్ రాణి పాలన వచ్చాక, 1860లో రంగ్ మహల్‌ను కూలగొట్టారు. తెల్ల దొర ముస్లిం బేగంతో కాపురం చేసిన గుర్తు ఆ తర్వాతి దొరలకు నచ్చలేదు. 1947లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు. 1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో ఈ భవనంలోకి వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ కింద నడిచింది. ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. శిథిలమైన భవనాన్ని బాగుచేసి 2023లో తెరిచారు.

నిజాం, కంపెనీ, బ్రిటిష్ ప్రభుత్వం, యూనివర్సిటీ. ఈ వరసలో ఖైరున్నిసా పేరు ఎక్కడా లేదు. నిజానికి మన షరియత్ ఆడదానికి మెహర్ ఇచ్చింది, వారసత్వంలో వాటా ఇచ్చింది, తన ఆస్తి తన పేరున ఉంచుకునే హక్కు ఇచ్చింది. బేగంకు సొంత జాగీర్లు కూడా ఉన్నాయి. కానీ భర్త కట్టించిన నీడ కాగితం మీద లేకపోతే, ఆ నీడ భర్తతోనే పోతుంది. మన ఇళ్లల్లో ఎంతమంది అమ్మల పేర, అక్కల పేర కాగితం ఉంది? మెహర్ మాట నిఖానామాలో రాసి వదిలేస్తున్నామా, చేతికి ఇస్తున్నామా? లెక్క ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

ఒక్క సంతోషం ఉంది. ఒక బేగం పర్దా దాటి చూడలేకపోయిన ఆ మెట్ల మీదుగా ఇప్పుడు ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడుస్తున్నారు. మీ అమ్మాయి అక్కడ సీటు తెచ్చుకుంటే, తోటలో ఉన్న ఆ చిన్న నమూనా చూసి రమ్మనండి. ఖైరున్నిసా బేగం కోసం ఒక ఫాతిహా కూడా చదవమనండి.