పౌలు హెర్మన్ ముల్లరు

దేశమున 1953వ సంవత్సరమున మలేరియా నివారణోద్యమము ఆరంభమైన పిదప ఇండ్ల గోడలపై చల్లిన డి.డి.టి.యు, అది విడిచిన తెల్లని మరకలును మన నెల్లూరు తీరపు వృద్ధులకు క్రొత్త గాదు. ఆ పదార్థము కీటకములను చంపునని కనిపెట్టిన ముల్లరు 1899 జనవరి 12వ తేదీని స్విట్జర్లండునందలి ఓల్టెను పట్టణమున జన్మించెను. తండ్రి రైల్వే ఉద్యోగి. బాలుడు చదువు నడుమ విడిచి రసాయన కర్మాగారమున సహాయకుడుగా చేరెను. మరల చదివి 1925లో బేసెలు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. చదువు నడుమ నాగినవారు ఈ సంగతి గమనింతురు గాక. ఆ యేడే గైగీ కంపెనీలో ప్రవేశించెను.

1935 మొదలు ఆయన కీటకనాశిని వెదకజొచ్చెను. పురుగు తాకినంతనే చావవలెను. మనుష్యునకు, పశువునకు, పైరునకు హాని కలుగరాదు. మందు చిరకాలము నిలువవలెను. వెల స్వల్పమై యుండవలెను. గాజుపెట్టెలో ఈగలను విడిచి వందలకొలది పదార్థములను పరీక్షించి విఫలుడయ్యెను. తుదకు 1939 సెప్టెంబరులో, జైడ్లరను రసాయనవేత్త 1874లోనే తయారుచేసి విడిచిన పదార్థమును ప్రయోగింపగా, ఈగలు వణకి, వెల్లకిల బడి, కాళ్లు తన్నుకొని చచ్చెను. పెట్టెను కడిగి క్రొత్త ఈగలను విడిచిన, అవియు చచ్చెను.

ఈ మందు నేపుల్సు నగరమున 1943-44లో టైఫసు జ్వరము నణచుటకు తోడ్పడెను. మన దేశమున 1947 ప్రాంతమున ఏటేట ఏడున్నర కోట్లమందికి వచ్చుచుండిన మలేరియా 1965 నాటికి లక్షకు దిగెను. వైద్యుడు గాకయే ముల్లరు 1948లో వైద్యశాస్త్రపు నోబెలు బహుమానము నందెను.

అయితే ఈగల వణకునకు కారణమేమి? నరములందు సోడియమునకు త్రోవనిచ్చు ద్వారములు సకాలమున మూతపడకుండుటయే. ఇట్టి ద్వారములు ఎలుకకును గలవు. కావున అధికమైన మోతాదున డి.డి.టి. ఎలుకలకును వణకును, మూర్ఛను తెచ్చును. దీనివలెనే క్లోరిను కలిసిన లిండేను, ఎండ్రిను అనునవి ముల్లరు కనిపెట్టినవి గావు. మెదడు నదుపులో నుంచు గాబా యను పదార్థపు పని నవి అడ్డగించును. 1980ల ప్రయోగములలో లిండేనును కొలదికొలదిగా పలుమారులు పొందిన ఎలుకలు, మెదడునకిచ్చిన స్వల్ప విద్యుత్ప్రేరణముచేతనే తక్కిన ఎలుకలకంటె త్వరగా మూర్ఛల పాలయ్యెను. తెలుగు పల్లెలలో ఒకప్పుడు పురుగుమందునకు మారుపేరైన ఎండ్రిను లోనికి బోయినచో మనుష్యునకును ఫిట్లు వచ్చును.

ముల్లరు 1965 అక్టోబరులో బేసెలున మృతినొందెను; ఆ ఎలుకల ప్రయోగముల నాయన చూడలేదు. మన దేశపు పొలములలో డి.డి.టి. వాడుక 1989లో నిషేధింపబడెను.