విడదీయలేకపోయిన సీసం



పెట్ స్కాన్ పేరు మీరు వినే ఉంటారు. క్యాన్సర్ ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి డాక్టర్లు రాసే పరీక్షల్లో అదొకటి. విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో ఇదే పద్ధతితో, ఎలుక మెదడు ఏ భాగంలో చక్కెరను ఎక్కువగా వాడుకుంటోందో కోత లేకుండా చూస్తారు. దీని వెనకున్న ఆలోచన, ఒక యువ శాస్త్రవేత్త అప్పగించిన పని చేయలేకపోయిన చోట మొదలైంది.

ఆయన జార్జ్ డి హెవెషీ. 1885లో బుడాపెస్ట్‌లో పుట్టారు. 1911లో ఇంగ్లండ్ వెళ్లి, మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ల్యాబులో చేరారు. అక్కడ పెద్ద మొత్తంలో సీసం ఉండేది. అందులో రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థం కలిసి ఉంది. ఆ రెండింటినీ విడదీయమని రూథర్‌ఫర్డ్ చెప్పారు. హెవెషీ ఎన్నో రసాయన పద్ధతులు ప్రయత్నించారు. ఒక్కటీ ఫలించలేదు. ఫలించే వీలూ లేదు, ఎందుకంటే రేడియం-డి కూడా సీసమే. పరమాణువు బరువులోనే తేడా. ఆ సంగతి అప్పటికింకా తేలలేదు.

తన వల్ల కాలేదని హెవెషీ ఆ సీసాన్ని మరిచిపోలేదు. రెండూ విడిపోనంతగా కలిసి ఉంటాయంటే, మామూలు సీసం వెళ్లిన చోటికల్లా రేడియం-డి కూడా వెళ్లాలి. దాని రేడియేషన్‌ను కొలిస్తే సీసం ఎక్కడుందో తెలిసిపోతుంది! 1913లో వియన్నాలో ఫ్రిట్జ్ పానెత్‌తో కలిసి ఈ పద్ధతిని ప్రయోగించి చూపారు. 1923లో చిక్కుడు జాతి మొక్కల్లో, వేళ్లు పీల్చుకున్న సీసం ఎక్కడెక్కడికి చేరిందో కొలిచారు. 1935లో కోపెన్‌హేగన్‌లో ఎలుకలకు రేడియోధార్మిక భాస్వరం ఇచ్చి, ఎముకల్లోకి కొత్త భాస్వరం చేరుతూ పాతది పోతూ ఉంటుందని చూపారు. గట్టిగా కనిపించే ఎముక కూడా నిత్యం మారుతూనే ఉంటుందన్నమాట. ఈ కృషికి 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 1966లో ఆయన కన్నుమూశారు.

1970లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెట్ యంత్రాలు నిర్మించారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఫ్లోరిన్-18 తగిలించిన, గ్లూకోజ్‌ను పోలిన పదార్థం. కణాలు దాన్ని గ్లూకోజ్‌లాగే లోపలికి తీసుకుంటాయి. ఫ్లోరిన్ నుంచి వెలువడిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ను తాకగానే రెండూ మాయమై, ఎదురెదురు దిక్కులకు రెండు గామా కిరణాలు వెళ్తాయి. చుట్టూ ఉన్న పరికరాలు వాటిని పట్టుకుని చిత్రం తయారు చేస్తాయి. సుమారు 110 నిమిషాల్లో ఆ ఫ్లోరిన్ సగానికి తగ్గిపోతుంది. పరికరం కొత్తదే కానీ, ఆనవాలు పెట్టి జాడ తీయడం హెవెషీ చూపిన దారే.

ఈసారి మీ బాబు లేదా పాప ప్రోగ్రెస్ కార్డులో ఏదైనా సబ్జెక్టులో మార్కులు తగ్గితే, ఎందుకు తగ్గాయని అడిగే ముందు, ఏమేం ప్రయత్నించారో, సరిగ్గా ఎక్కడ ఆగిపోయారో అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.