చాక్లెట్ సేటు ఆస్తంత ఇచ్చిండు, యూనియన్ అంటే మాత్రం గరమైండు

హెర్షే అంటే మనోళ్లకు షాపుల కనవడే చాక్లెట్ పేరే యాదికొస్తది. గది ఒక మనిషి ఇంటిపేరు. మిల్టన్ హెర్షే 1857ల అమెరికాల పెన్సిల్వేనియా రాష్ట్రంల, ఒక పల్లెల పుట్టిండు. తండ్రి మొదలువెట్టిన యాపారం ఒక్కటీ నిలవలె. ఊర్లు మారుడుతోని పిల్లగాని సదువు నాలుగో తరగతి కాడనే ఆగింది. అచ్చుపనికి పెడితే ఆడికెళ్లి ఎల్లగొట్టిన్రు. గప్పుడు లాంకాస్టర్ల ఒక మిఠాయి దుకాణంల పనికి కుదిరిండు, పని నేర్చిండు.

పని వచ్చింది గని పైసలు రాలె. 1876ల ఫిలడెల్ఫియాల పెట్టిన దుకాణం ఆరేండ్లకు మూతవడ్డది. న్యూయార్కుల పెట్టింది సుత 1886ల మునిగింది. ఉత్త చేతులతోని మర్లొస్తే చుట్టాలు మొఖం తిప్పుకున్నరు. తల్లి, ఆమె తోడవుట్టిన మ్యాటీ మాత్రం ఇడిసిపెట్టలె. నడుమల డెన్వర్ పోయి కూలికి చేసినప్పుడు నేర్చుకున్న ముచ్చటే ఆఖరుకు అక్కరకొచ్చింది. క్యారమెల్ల తాజా పాలు పోస్తే రుచి పెరుగుతది, శాన దినాలు నిల్వుంటది. గా క్యారమెల్ కంపెనీని 1900ల పది లక్షల డాలర్లకు అమ్మిండు. పుట్టిన ఊరికాడ, పాడి రైతుల నడుమ చాక్లెట్ కార్ఖానా కట్టిండు. గప్పటిదాంక పాల చాక్లెట్ ఉన్నోళ్ల తిండి. ఈయన ఐదు సెంట్లకే అమ్మిండు. కార్ఖానా చుట్టు ఇండ్లు, పార్కు, ట్రామ్ బండ్లు వచ్చినయి. ఊరి పేరు సుత హెర్షే అయింది.

ఆయనకు, భార్య క్యాథరిన్‌కు పిల్లలు కాలె. 1909ల ఇద్దరు కలిసి అనాథ పిలగాండ్ల కోసం బడి పెట్టిన్రు. నలుగురితోని మొదలైంది. తిండి, బట్ట, సదువు అన్నీ ఉత్తగనే. పిల్లలు పొద్దుమాపు బర్రెలు కాదు గని ఆవుల పాలు పిండాలె, మన ఊర్లల్ల లెక్కనే. 1915ల భార్య సచ్చిపోయింది. మూడేండ్లకు, 1918ల, దగ్గరదగ్గర ఆరు కోట్ల డాలర్ల ఆస్తి బడి ట్రస్టుకు రాసిచ్చిండు. ఫోటువలు లేవు, సన్మానాలు లేవు. లోకానికి తెలిసింది 1923ల. పది దుప్పట్లు పంచి ఇర్వై ఫ్లెక్సీలు కట్టే మన లీడర్లకు గిది ఎట్ల సమజైతదో.

అయితే దేవుణ్ని జేసి మొక్కుడు సుత నాకు నచ్చదు. 1937ల కార్మికులు యూనియన్ కావాలని కార్ఖానల్నే కూసున్నరు. ఇంత చేసినోని మీద సమ్మె చేస్తరా అని సేటు మస్తు బాధపడ్డడు. కార్ఖానా బందైతే పాలు కొనేటోడు లేడు. గా కోపంతోని పాడి రైతులు, సమ్మెల లేని కూలీలు కట్టెలు వట్టుకొని లోపలికి జొచ్చి కొట్టిన్రు. రెక్కల కష్టం చేసేటోళ్లే ఒకలనొకలు కొట్టుకున్నరు. సేటు మనసు మంచిదే కావచ్చు. గని ఇల్లు, పార్కు ఆయన ఇష్టంతోని ఇచ్చినయి. యూనియన్ కూలోళ్లు అడిగి తీసుకునేది. గీ ఫరకు ఆయనకు దొరకలె.

ఇంకోటి. గా బడి దస్తావేజుల తెల్ల పిలగాండ్లకే సీటు అని రాసుండె. ఆయన 1945ల పోయినంక ఇర్వై ఏండ్లు దాటితే గని నల్ల పిల్లలకు తలుపు తెరవలె. ఆడివిల్లలు 1970లల్ల వచ్చిన్రు. ఇయ్యాల ఆడ రెండు వేలకు పైన పిల్లలు పైసా కట్టకుంట సదువుతున్నరు. కంపెనీ మీద పట్టు ఇప్పటికీ గా ట్రస్టుదే. కార్ఖానల యూనియన్ సుత ఉన్నది.