కల్నల్ కాలిన్ మెకంజీ: మన పల్లెల చరిత్రకు సొంత జీతం వెచ్చించిన దొర

పరాయి దేశపు పురాతన సంపదను కాపాడటానికి ఇప్పుడు ప్రభుత్వాలు గ్రాంట్లు ఇస్తున్నాయి. గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతుకు అమెరికా ప్రభుత్వం సొమ్ము ఇచ్చిన సంగతి మనలో చాలామంది ఎరుగుదురు. అటువంటి గ్రాంట్లు లేని రోజుల్లో మన ప్రాంతపు చరిత్రకు తన జీతాన్ని వెచ్చించిన కల్నల్ కాలిన్ మెకంజీ జీవితాన్ని క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

మెకంజీగారు 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో జన్మించారు. 1783లో కంపెనీ సైన్యంలో ఉద్యోగిగా మద్రాసు చేరారు. తరువాత గుంటూరు సీమలోను, నిజాం రాజ్యంలోను, మైసూరులోను భూములను సర్వే చేశారు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు.

పటాలు గీయటంతోనే ఆయన తృప్తి పడలేదు. ఈ ఊరు ఎప్పుడు కట్టారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, చెరువు ఎవరు త్రవ్వించారు అని తెలుసుకోగోరారు. అయితే ఆయనకు మన భాషలు రావు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామిగార్లు ఆయనకు కన్నులు, చెవులు అయ్యారు. వారూ, వారి క్రింది గుమస్తాలూ ఊరూరా తిరిగి, కరణాల ఇండ్లలోని దండకవిలెలను చూచి, పెద్దలను అడిగి, కైఫియత్తులు వ్రాయించారు. శాసనాలకు నకళ్లు తీశారు. బొర్రయ్యగారు 1803లో చిన్న వయస్సులోనే మరణించగా, లక్ష్మయ్యగారు ఆ భారాన్ని వహించారు.

మెకంజీగారు 1798లో అమరావతి వచ్చారు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఆ మండలం ఈ జిల్లాలోనే చేరింది. అప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కొత్త పట్టణ నిర్మాణం కోసం స్తూపపు దిబ్బను త్రవ్వి రాళ్లు తీసుకుపోతున్నారు. 1816లో ఆయన మరల వచ్చి, తన చిత్రకారులచే మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించారు. తరువాత ఎన్నో రాళ్లు కనిపించకుండా పోయాయి. వాటి రూపం ఈనాడు మనకు తెలిసేది లండనులో భద్రంగా ఉన్న ఆ బొమ్మల వల్లనే.

ఇంత పనికీ సొమ్ము ఎక్కడిది? కంపెనీ సర్వేకు జీతమిచ్చింది గాని, ఈ సేకరణ ఖర్చులో ఎక్కువ భాగాన్ని ఆయనే భరించారు. పదిహేను వేల పౌన్లకు పైగా ఖర్చయిందని ఆయన మిత్రులు తరువాత లెక్క చెప్పారు. 1821 మే 8న ఆయన కలకత్తా ప్రాంతంలో మరణించారు. అప్పుడు గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు ఆ సేకరణను లక్ష రూపాయలకు, అనగా పది వేల పౌన్లకు, ఆయన భార్య వద్ద కొన్నారు. అందులో 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణెములు ఉన్నాయి.

తరువాత కథ అంత సంతోషకరమైనది కాదు. సేకరణలో కొంత లండను చేరింది, కొంత మద్రాసు వచ్చింది. ఆ పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్యగారు ప్రభుత్వాన్ని వేడుకొన్నారు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కమిటీ, దేశీయునికి అంత సామర్థ్యం ఉండదని త్రోసిపుచ్చింది. ఆ వ్రాతప్రతులను పరిశీలించే పని మిషనరీ విలియం టైలర్‌గారికి దక్కింది. టైలర్‌గారి శ్రమను మేము తక్కువ చేయము. కాని నలభై ఏండ్లు ఆ కాగితాల మధ్య బ్రతికిన మనిషిని కాదనటం అన్యాయమే. లండను గ్రంథాలయంలో పడి ఉన్న మన భాషల ప్రతులను సి.పి. బ్రౌన్‌గారు చూచి, మరల మద్రాసుకు రప్పించారు. కైఫియత్తులు నేడు చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఒకటి ఉన్నది. సొమ్ము దూరదేశం నుండి రావచ్చును. కాని దండకవిలె ఎవరి ఇంటి అటకమీద ఉన్నదో ఊరివారికే తెలుసు. సొమ్ము పెట్టిన వారి పేరుతో పాటు, ఎండలో తిరిగి వ్రాసిన వారి పేరూ నిలిచినప్పుడే న్యాయం. మన దేవాలయాలలోనూ పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు పుస్తకాలు, సంఘ సభల మినిట్సు ఉన్నాయి. వాటికి చెదలు పట్టకుండా చూచుటకు పెద్ద గ్రాంటు అవసరం లేదు. ఒక ఇనుప బీరువా, ఒక నకలు, బాధ్యత వహించే ఒక మనిషి చాలు. ఈ నూరేండ్ల పండుగ సంవత్సరంలో ప్రతి సంఘమూ ఆ మాత్రం చేయగలదని మా నమ్మకం.