విరూపణ్ణ

పదహారవ శతాబ్దంలో విజయనగర సామ్రాజ్యానికి పెనుకొండ ముఖ్యమైన దుర్గం. నంది లక్కిశెట్టి కుమారుడైన విరూపణ్ణ అచ్యుత దేవరాయల కాలంలో (1529–1542) అక్కడ ఉన్నతాధికారి. కోశాధికారి అని జనశ్రుతి. సోదరుడు వీరణ్ణతో కలిసి, నేటి హిందూపురానికి సమీపంలోని లేపాక్షిలో, కూర్మశైలమనే గుట్టపై వీరభద్రాలయ నిర్మాణానికి పూనుకున్నాడు.

శిల్పులకు, చిత్రకారులకు ఏళ్ల తరబడి భృతి చెల్లించాలి. గుడి వెలసిన పిదప దీపారాధనకు, నైవేద్యానికి, ఉత్సవాలకు నిత్యాదాయం కావాలి. అందుకై భూములు దానంగా ఇచ్చినట్లు శాసనాలు తెలుపుతున్నాయి. పొలం పండినంతకాలం గుడిలో దీపం వెలగాలన్నది ఆనాటి ఏర్పాటు. నాట్యమండప స్తంభాలపై నర్తకులు, వాద్యకారులు కొలువుదీరారు. అక్షరజ్ఞానం లేనివారికి సైతం పైకప్పు చిత్రాలు పురాణగాథలను బోధించాయి. ఒక చిత్రంలో సోదరులిద్దరూ విభూతి స్వీకరిస్తూ కనిపిస్తారు. ధర్మవరం పట్టుచీరల అంచులకు ఈ చిత్రాలలోని వస్త్రాలంకరణలే ఒరవడి అంటారు.

కాని కల్యాణమండపం పూర్తికాలేదు. విరూపణ్ణ రాజానుమతి లేకుండా బొక్కసం సొమ్ము వెచ్చించాడన్న నింద వచ్చిందనీ, శిక్ష పడకముందే తన కన్నులు తానే పెరికి గోడకు విసిరాడనీ ప్రజలు చెప్పుకుంటారు. గోడపై ఎర్రని మరకలనూ చూపుతారు. ఆ రాజు ఏలుబడిలోనే బాహాటంగా దానశాసనాలు వెలసిన గుడికి ఈ కథ ఎట్లా పొసగుతుందో ఆలోచించదగినది.

నేడు ఆలయ సంరక్షణ భారత పురావస్తు సర్వేక్షణ శాఖది. 2022లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. కల్యాణమండప స్తంభాలు మాత్రం నేటికీ పైకప్పు లేకుండానే నిలిచి ఉన్నాయి.