పడవ దిగినవాడు - రాబర్ట్ లూయీ స్టీవెన్సన్

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం పిల్లలు ఇంటికొచ్చి అడిగారు. పూర్వవిద్యార్థుల్లో ఇంగ్లీషు చెప్పుకుని బతికినవాణ్ణి కాబట్టి ఎవరైనా ఆంగ్ల రచయిత గురించి రాస్తే బాగుంటుందన్నారు. ఏం రాయాలో తోచక వారం రోజులు కొట్టుకున్నాను. ఆ వారంలోనే మా అబ్బాయి తన ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు. తహితి దీవుల మధ్య తిరిగే చిన్న ఓడ. కొద్దిమందే ప్రయాణికులు, మెత్తటి పరుపులు, కిటికీలోంచి నీలం నీళ్లు, రోజుకో దీవి. పొద్దున్న దిగి ఫోటోలు తీసుకుని, సాయంత్రం భోజనం వేళకు మళ్లీ ఓడెక్కెయ్యాలి. టిక్కెట్టు ధర చూస్తే నా పెన్షను ఏ మూలకూ చాలదు. కానీ ఆ బొమ్మ చూడగానే 1888లో అవే నీళ్లల్లో, ఆ కాలానికి అలాంటి విలాసాల పడవలోనే తిరిగిన ఒక రోగిష్ఠి మనిషి గుర్తొచ్చాడు. ఆయన ఎక్కిన పడవ తిరిగి వెళ్లిపోయింది. ఆయన వెళ్లలేదు.

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ మనలో చాలామందికి ట్రెజర్ ఐలండ్ దగ్గర ఆగిపోతాడు. నాన్ డిటెయిల్డ్ పుస్తకంగా చదివి, లాంగ్ జాన్ సిల్వర్ స్వభావచిత్రణకు జవాబు బట్టీపట్టి, పరీక్ష కాగానే మర్చిపోతాం. నేనూ అంతే చదివాను, అంతే చెప్పాను. ఆ మనిషి కథలో అసలు భాగం ఆ పుస్తకం తర్వాత మొదలవుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1850 నవంబరు 13న స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. వాళ్లది సముద్రం మీద దీపస్తంభాలు కట్టే వంశం. తాతగారు బెల్ రాక్ దీపస్తంభం కట్టిన ఇంజనీరు. తండ్రి థామస్‌దీ అదే వృత్తి. ఒక్కగానొక్క కొడుకు, పైగా చిన్నప్పట్నుంచీ దగ్గూ జ్వరమూ. చలికాలమంతా మంచం మీదే. రాత్రిళ్లు నిద్రపట్టని పిల్లవాడికి దాది కమ్మీ చెప్పిన కథలే ఆయన మొదటి బడి.

1867లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఇంజనీరింగు చదవడానికి చేర్పించారు. క్లాసులు ఎగ్గొట్టడంలో మాత్రం మన పిల్లలకేమీ తీసిపోడు. 1871లో ధైర్యం చేసి తండ్రికి అసలు సంగతి చెప్పేశాడు, తాను రచయిత కావాలనుకుంటున్నానని. మధ్యేమార్గంగా లా చదివి 1875లో పట్టా పుచ్చుకున్నాడు గానీ ఆ నల్లకోటుతో సంపాదించింది ఏమీ లేదు. మరో ముచ్చట ఈ సంచిక సంపాదకుల కోసం చెబుతున్నాను. 1871లోనే కొందరు స్నేహితులతో కలిసి యూనివర్సిటీ పత్రిక ఒకటి నడిపాడు. నాలుగు సంచికలు వచ్చి అది కన్నుమూసింది. కాబట్టి ప్రకటనలు దొరకలేదని మీరు దిగులుపడక్కర్లేదు.

తర్వాతి పదేళ్లు త్వరగా చెప్పేస్తాను. ఫ్రాన్సులో తనకన్నా పదేళ్లు పెద్దదైన ఫానీ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ స్త్రీతో పరిచయమైంది. ఆమె కోసం 1879లో ఇంట్లో చెప్పకుండా సముద్రం దాటి కాలిఫోర్నియా వెళ్లి, జబ్బుతో చావు అంచుదాకా పోయి, 1880లో ఆమెను పెళ్లాడాడు. ఆమె కొడుకు లాయిడ్‌కు కాలక్షేపంగా 1881లో గీసిన ఒక దీవి పటంలోంచి ట్రెజర్ ఐలండ్ పుట్టింది. 1886లో జెకిల్ అండ్ హైడ్ వచ్చి పేరు ప్రపంచమంతా పాకింది. కానీ నోట్లోంచి రక్తం పడటం మాత్రం ఆగలేదు. 1887లో తండ్రి పోయాడు. ఆస్తిలో తన వాటాగా కొంత సొమ్ము వచ్చింది. బతికినన్నాళ్లు బతుకుదాం, వెచ్చటి సముద్రం మీద బతుకుదాం అనుకున్నాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎదురుగా ఓక్లండులో ఒక ధనిక డాక్టరుకు క్యాస్కో అనే తెరచాప నౌక ఉండేది. పొడవు సుమారు 95 అడుగులు. లోపల మఖమల్ దిండ్లు, నిలువుటద్దాలు, తళతళలాడే ఇత్తడి సామాను. నెలకు 500 డాలర్లకు దాన్ని అద్దెకు తీసుకుని 1888 జూన్ 28న బయల్దేరారు. స్టీవెన్సన్, భార్య, లాయిడ్, ఒక పనిమనిషి, వీళ్లతోపాటు దాదాపు అరవయ్యేళ్ల తల్లి మార్గరెట్. ఈ రోగి దారిలోనే పోతాడని కెప్టెను మనసులో లెక్కవేసుకున్నాడట.

ఒక నెల గడిచాక మార్కెసాస్ దీవుల్లో నుకుహివా దగ్గర లంగరు వేశారు. ఆ దీవి మనుషులు చిన్న దోనెల్లో వచ్చి నౌకంతా నిండిపోయారు. మఖమల్ దిండ్లు ముట్టుకుని ఆశ్చర్యపోయారు. వాళ్ల భాష ఈయనకు రాదు, ఈయన భాష వాళ్లకు రాదు. ఆ మొదటి రోజు భయమే వేసిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ప్రకటనలోని ఓడ ప్రయాణికుడు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాడు. స్టీవెన్సన్ ఇక్కడ మొదలుపెట్టాడు.

ఆయన పట్టుకున్న కిటుకు చాలా చిన్నది. కథ కావాలంటే ముందు మన కథ ఒకటి చెప్పాలి. స్కాట్లండు కొండజాతుల వాళ్లు 1745 తిరుగుబాటులో ఓడిపోయాక వాళ్ల ఆయుధాలూ, దుస్తులూ, పెద్దరికాలూ ఎలా లాగేసుకున్నారో ఈయన చెప్పేవాడు. వింటున్న ముసలాయన, మాకూ అలాగే జరిగిందని తనది ఎత్తుకునేవాడు. అలా విన్నవాటిలో ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. హాపా అనే తెగవాళ్లు నాలుగు వందల మంది ఉండేవారట. మశూచి వచ్చి నాలుగో వంతును తీసుకుపోయింది. ఆ తర్వాత క్షయ అంటుకుంది. ఏడాది తిరక్కుండా ఆ లోయలో మిగిలింది ఇద్దరు. క్షయరోగిగా ముద్రపడి, ఊపిరి కోసం ఆ గాలి వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఈ మాట విని రాసుకున్నాడు. బయటినుంచి వచ్చే ఓడలు ఏమేం మోసుకొస్తాయో ఆయనకు అక్కడ తెలిసింది.

తువామోతు దీవులు దాటి తహితి చేరేసరికి జబ్బు తిరగబెట్టింది. తౌతిరా అనే పల్లెకు చేర్చారు. మోయె అనే రాచకుటుంబపు ఆవిడ కొబ్బరిపాలతో కలిపిన పచ్చి చేప తినిపించి కోలుకునేలా చేసింది. ఊరిపెద్ద ఓరి తన ఇల్లే ఇచ్చేశాడు. అంతలో క్యాస్కో కొయ్యస్తంభాలు లోపల పుచ్చిపోయాయని బయటపడింది. పైన ఇత్తడి తళతళ, లోపల పుచ్చు! మరమ్మతుకు పంపితే నెలలు పట్టింది, చేతిలో డబ్బయిపోయింది. అన్నాళ్లూ వీళ్లకు తిండి పెట్టింది ఓరి. 1889 జనవరిలో హోనొలూలూ చేరాక నౌకను వెనక్కి పంపించేశాడు. తర్వాత ఆయన తిరిగినవి సరుకుల పడవలే, కొబ్బరికోరు వాసనలో. ఆ ఏడాది మే నెలలో మొలొకై కుష్ఠురోగుల దీవికి వెళ్లి వారం రోజులు గడిపాడు. అక్కడి ఆడపిల్లలతో చేతులకు తొడుగులు లేకుండానే బంతాట ఆడాడు. తిరిగొచ్చాక వాళ్లకు పియానో పంపించాడు.

1889 డిసెంబరులో సమోవా చేరి, ఆపియా రేవు పైనున్న అడవిలో సుమారు 300 ఎకరాలు కొని వైలిమా అని పేరుపెట్టిన ఇల్లు కట్టుకున్నాడు. ఆయన్ను ఋషిని చేసి చెప్పను. కొన్న నేలలో నౌకర్లతో దొరలాగే బతికాడు. కానీ చుట్టూ ఏం జరుగుతోందో చూడకుండా ఉండలేకపోయాడు. జర్మనీ, బ్రిటన్, అమెరికా మూడూ కలిసి సమోవా నెత్తిన కూర్చున్నాయి. తమకు నచ్చినవాణ్ణి రాజును చేసి, నచ్చనివాణ్ణి తిరుగుబాటుదారు అనేవి. స్టీవెన్సన్ నవలలు పక్కనబెట్టి ఆ అధికారుల నిర్వాకం మీద పత్రికలకు ఉత్తరాలు రాశాడు, 1892లో ఏకంగా ఒక పుస్తకమే అచ్చువేశాడు. దీవి నుంచి పంపించేస్తారన్న బెదిరింపు కూడా వచ్చింది. సాహసగాథలు రాయక ఈ గొడవ ఎందుకని లండన్ మిత్రులు విసుక్కున్నారు. సమోవా వాళ్లు మాత్రం టుసిటాలా అన్నారు. కథలు చెప్పేవాడని అర్థం. ఆయన సీసా భూతం కథ 1891లో సమోవా భాషలో వస్తే, ఆ సీసా వైలిమాలోని ఇనప్పెట్టెలో దాచాడని చాలామంది నమ్మారు.

1893లో యుద్ధం వచ్చింది. ఆయన అభిమానించిన మతాఫా ఓడిపోయి ప్రవాసం పాలయ్యాడు. ఆయన పక్షపు పెద్దల్ని ఆపియా జైల్లో పడేశారు. స్టీవెన్సన్ వాళ్లకు తిండీ పొగాకూ పట్టుకెళ్లేవాడు. వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల మర్యాద ప్రకారం కావా తాగాడు. 1894లో విడుదలైన ఆ పెద్దలు తమంతట తామే వచ్చి, వైలిమా ఇంటికి రోడ్డు వేస్తామన్నారు. సమోవాలో రోడ్డుపని అంటే ఎవరికీ గిట్టదు. అలాంటిది, తమ తిండి తామే తెచ్చుకుని ఆ పెద్దలు మట్టి తవ్వారు. ప్రేమగల హృదయాల దారి అని దానికి పేరుపెట్టి, తమ పేర్లతో బోర్డు పాతారు. ఆ విందులో ఆయన పొగడ్తలతో ఆగిపోలేదు. మీ నేల మీరు సాగుచేసుకోకపోతే పరాయివాళ్లది అవుతుంది, మా స్కాట్లండులో నేను చూశాను అని హెచ్చరించాడు.

రెండు నెలలైనా గడవలేదు. 1894 డిసెంబరు 3 సాయంత్రం వరండాలో భార్యకు వంటపనిలో సాయం చేస్తూ కూలిపోయాడు. అందరూ భయపడింది ఊపిరితిత్తుల గురించి, పోయింది మెదడులో రక్తనాళం చిట్లి. వయసు 44. సమోవా వాళ్లు తమ ఇళ్లలోని మేలైన చాపలు తెచ్చి కప్పి రాత్రంతా కాపలా కూర్చున్నారు. తెల్లారగానే వాయియా కొండ మీదికి అడవి నరికి దారి చేశారు. శవపేటికను భుజాల మీద ఆ నిలువు కొండ ఎక్కించి శిఖరాన పూడ్చారు. సమోవా 1962లో స్వతంత్రమైంది. సమాధి అక్కడే ఉంది. క్యాస్కో చేతులు మారి, సీల్ వేటకు పనిచేసి, 1919లో బేరింగ్ సముద్రంలో రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ కళాశాల నుంచి బయటికెళ్లాక నాకు ఏజెన్సీ ప్రాంతంలో ఒక చిన్న ఊళ్లో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. చేరిన రోజునుంచీ ట్రంకుపెట్టె సర్దే ఉంచాను. ఏటా వేసవిలో బదిలీకి దరఖాస్తు. అలా తొమ్మిదేళ్లు. స్టీవెన్సన్ దీవి పటం బోర్డు మీద గీసి చూపించాను గానీ, మీ ఊరు ఎక్కడుందో గీయండ్రా అని ఆ పిల్లల్ని ఒక్కనాడూ అడగలేదు. ఒకరోజు క్లాసయ్యాక, కొండ మీది ఊరినుంచి వచ్చే కుర్రాడొకడు వెనకే వచ్చి, వాళ్ల తాత చెప్పే దీవి కథ ఒకటుంది, చెప్పమంటారా అని అడిగాడు. బస్సు టైమైందని వచ్చేశాను. కొండల్లో దీవేమిటో, ఆ కథేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ బస్సు మాత్రం ఆ రోజు గంట ఆలస్యంగా వచ్చింది.

ఉద్యోగాలకు మీరు ఎక్కడెక్కడికో వెళతారు. కొందరు అదృష్టవంతులు ఆ తహితి ఓడ కూడా ఎక్కుతారు, ఎక్కండి. కానీ ఎక్కడికెళ్లినా ఎవరైనా కథ చెబుతానంటే బస్సు వదులుకోండి.