మోహనదాసు సంశయం

ఆస్తి చేతికి రావడానికి వారసత్వం చాలును. ఆచారం మనసుకు పట్టడానికి మాత్రం అది చాలదు. శాకాహార నియమం గల ఇంట పుట్టిన బిడ్డ పదమూడు పదునాలుగేండ్ల ప్రాయం వచ్చేసరికి, తోటివారు తినేదానిని తానెందుకు తినరాదని అడగడం సహజం. పెద్దలు కసిరితే ఆ ప్రశ్న పెదవి మీద ఆగుతుందే గాని మనసులో ఆగదు. అటువంటి ప్రశ్నతో బాల్యంలో పెనుగులాడి, దారి తప్పి, మరల దారి కనుగొన్నవారిలో మోహనదాసు కరంచంద్ గాంధీ ఒకరు.

మోహనదాసు 1869 అక్టోబరు 2వ తేదీన కాఠియవాడులోని పోరుబందరులో జన్మించాడు. తండ్రి కరంచందు సంస్థానంలో దివాను. తల్లి పుత్లీబాయి వ్రతనిష్ఠ గల సాధ్వి. చాతుర్మాస్యంలో ఒక ఏడు ఆమె సూర్యదర్శనం కానిదే భోజనం చేయరాదని నియమం పట్టింది. వానమబ్బులు కమ్మిన రోజులలో పిల్లలు ఆకాశం వంక కన్నులప్పగించి నిలిచేవారు. సూర్యుడు కనిపించగానే తల్లిని కేకవేసేవారు. ఆమె వాకిట్లోకి వచ్చేసరికి మబ్బు మరల కప్పివేసేది. భగవంతుడు ఈనాడు భోజనం వద్దన్నాడని నవ్వుతూ ఆమె తిరిగి పనులలో మునిగిపోయేది. గాంధీల కుటుంబం వైష్ణవ సంప్రదాయానిది. జైన మునులు కూడా వారి ఇంటికి వచ్చిపోతుండేవారు. మాంసమన్న మాటనే ఏవగించుకునే వాతావరణం ఆ ఇంటిది, ఆ ప్రాంతానిది.

కరంచందు రాజకోటకు దివానుగా వెళ్లడంతో కుటుంబమూ అక్కడికి చేరింది. మోహనదాసు అక్కడనే చదువుకున్నాడు. పదమూడవ యేట కస్తూరిబాయితో వివాహమైంది. హైస్కూలు రోజులలో అన్నగారి స్నేహితుడొకడు అతనికి సన్నిహితుడయ్యాడు. ఆ స్నేహం మంచిది కాదని తల్లి, అన్న, భార్య ముగ్గురూ హెచ్చరించారు. తాను వానిని సంస్కరిస్తానని మోహనదాసు వారికి నచ్చజెప్పాడు. సంస్కరింపబూనినవాడే క్రమంగా ఆ స్నేహితుని మాటకు లోబడిపోయాడు.

మోహనదాసును కదిలించినది నాలుక చాపల్యం కాదు. అతడు కృశించిన శరీరం గలవాడు, పిరికివాడు. దొంగలన్నా, దయ్యాలన్నా, పాములన్నా భయం. రాత్రి దీపం లేనిదే నిద్ర పట్టేది కాదు. ప్రక్కనే నిద్రించే భార్యకు ఆ భయాలేవీ లేవన్న సంగతి అతనిని మరింత సిగ్గుపరిచేది. ఆ స్నేహితుడు మాత్రం చాలా దూరం పరుగెత్తగలడు, ఎత్తుకు దూకగలడు, ఎన్ని దెబ్బలైనా ఓర్చుకోగలడు. ఇదంతా మాంసాహార మహిమయే అని అతడు చెప్పేవాడు. ఆంగ్లేయుడు దేశాన్ని ఏలడానికీ అదే కారణమని బడిపిల్లలంతా అనుకునే రోజులవి. ఆ అర్థం గల నర్మద కవి పద్యమొకటి వారి నోళ్లలో నానుతుండేది. ఉపాధ్యాయులలో కొందరు, ఊరిలోని పేరుగలవారు కొందరు రహస్యంగా మాంసం తింటున్నారని కూడా స్నేహితుడు చెప్పాడు. అన్నగారు అప్పటికే ఆ దారిన పోయినవాడు. దేశమంతా మాంసం తింటే ఆంగ్లేయులను జయించవచ్చుననే నమ్మకం మోహనదాసుకు కుదిరింది. అది తప్పుగా గాక, సంస్కారంగా, దేశసేవగా తోచింది.

ఒకనాడు ఏటి ఒడ్డున ఏకాంత ప్రదేశం చూచుకొని ఇద్దరూ కూర్చున్నారు. అంగడి రొట్టె, మేకమాంసం తెచ్చుకున్నారు. మాంసం తోలువలె గట్టిగా ఉండి మింగుడు పడలేదు. మోహనదాసుకు వికారం పుట్టి లేచిపోయాడు. ఆ రాత్రి కన్ను మూసినప్పుడల్లా బ్రతికి ఉన్న మేక తన కడుపులో అరుస్తున్నట్లు తోచి ఉలికిపడి లేచేవాడు. ఇది చేయవలసిన కర్తవ్యమని తనకు తానే ధైర్యం చెప్పుకునేవాడు.

స్నేహితుడు పట్టు విడువలేదు. రుచిగా వండించి, బల్లలు, కుర్చీలు గల సంస్థానపు భవనంలో విందు ఏర్పాటు చేసేవాడు. ఒక సంవత్సర కాలంలో ఇటువంటి విందులు ఆరింటికి మించి జరగలేదు. అయితే విందు జరిగిన ప్రతి దినమూ ఇంట తల్లి భోజనానికి పిలిచేది. ఆకలి లేదని, అన్నం అరగలేదని కొడుకు అబద్ధమాడేవాడు. సూర్యుని చూడనిదే ముద్ద ముట్టని తల్లి ఎదుట, కడుపు నిండిన సంగతి దాచి ఆకలి లేదని చెప్పడం అతనిని లోలోపల దహించివేసింది.

ఇక్కడనే ఆ బాలుని జీవితం మలుపు తిరిగింది. మాంసాహారం తప్పని అతనికి ఇంకా తోచలేదు. అది అవసరమనే అతని నమ్మకం. కాని కన్నవారిని మోసగించడం మాంసం తినకపోవడం కంటె చెడ్డదని నిశ్చయించుకున్నాడు. తల్లిదండ్రులు జీవించి ఉన్నంతకాలం మాంసం ముట్టననీ, వారి కాలం గడిచి తాను స్వతంత్రుడైన తరువాత బహిరంగంగా తింటాననీ స్నేహితునికి చెప్పివేశాడు. అంతటితో ఆ విందులు ఆగిపోయాయి. తమ కుమారులలో ఇద్దరు మాంసం తిన్నారన్న సంగతి ఆ తల్లిదండ్రులకు ఎన్నడూ తెలియలేదు.

అన్నగారికి ఇరువదియైదు రూపాయల అప్పు మిగిలింది. అది తీర్చడానికి అన్న చేతి బంగారు కడియం నుండి మోహనదాసు కొంత ముక్క తీశాడు. అప్పటికి అతనికి పదునైదేండ్లు. ఆ తప్పును మాత్రం దాచలేక కాగితం మీద వ్రాసి, మంచం పట్టిన తండ్రి చేతికిచ్చి, శిక్షించమని కోరాడు. తండ్రి చదివాడు. కన్నీరు కాగితాన్ని తడిపింది. ఒక్క మాట అనకుండా దానిని చించివేసి మరల పడుకున్నాడు. దెబ్బ నేర్పలేని పాఠం ఆ కన్నీరు నేర్పింది. 1885లో తండ్రి మరణించాడు.

1887లో మెట్రిక్యులేషన్ ముగిసిన తరువాత బారిస్టరు చదువుకు ఇంగ్లండు పంపే ప్రస్తావన వచ్చింది. అక్కడికి పోయినవారు మాంసం, మద్యం లేక బ్రతకలేరని విని తల్లి భయపడింది. కుటుంబ హితైషి, జైన సాధువు అయిన బేచర్జీ స్వామి ఉపాయం చెప్పాడు. మాంసం, మద్యం, పరస్త్రీ సాంగత్యం మూడింటికీ దూరంగా ఉంటానని తన సమక్షంలో మోహనదాసు చేత ప్రమాణం చేయించాడు. తల్లి అనుమతించింది. కులపెద్దలు వెలివేసినా జంకక, 1888 సెప్టెంబరు 4వ తేదీన పద్దెనిమిదేండ్ల మోహనదాసు బొంబాయిలో ఓడ ఎక్కాడు.

ఓడలో వడ్డించే పదార్థాలలో మాంసం లేనిదేదో అడగడానికి సిగ్గుపడి, వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతో గడిపాడు. బిస్కే అఖాతం దాటితే మాంసం లేక బ్రతకడం కష్టమని ఒక తోటి ప్రయాణికుడు బెదిరించాడు. అవసరమైతే తిరిగి పోతానే గాని మాట తప్పనని మోహనదాసు సమాధానమిచ్చాడు. లండనులో ఆకలి అంటే ఏమిటో తెలిసింది. ఉప్పు కారాలు లేని ఉడికిన కూరలు గొంతు దిగేవి కావు. రెండు మూడు రొట్టె ముక్కలు తిన్న తరువాత మరొకటి అడగడానికి బిడియం. క్షేమం కోరిన మిత్రుడొకడు ప్రతిదినం వాదించేవాడు. చదువురాని తల్లి ఎదుట, ఇక్కడి సంగతులు తెలియక చేసిన ప్రమాణానికి విలువ లేదని అనేవాడు. బెంథాం గ్రంథం తెచ్చి చదివి వినిపించాడు. ఆ తర్కానికి బదులు చెప్పే శక్తి మోహనదాసుకు లేదు. వాదనలో ఓడినట్లు ఒప్పుకుంటూనే, ప్రమాణం మాత్రం విడువనన్నాడు. ఒక విందులో మొదట వచ్చిన పులుసులో ఏముందోనని వడ్డించేవానిని పిలిచాడు. మిత్రుడు విసుగుపడి బయటకు పొమ్మన్నాడు. మోహనదాసు మారుమాటాడక లేచిపోయి ఆ రాత్రి ఆకలితో ఉండిపోయాడు. వారి స్నేహం మాత్రం చెడలేదు.

రోజుకు పది పన్నెండు మైళ్లు నడిచి వెదుకగా, ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాల కనిపించింది. వాకిట్లో అద్దాల వెనుక అమ్మకానికి పుస్తకాలున్నాయి. వానిలో హెన్రీ సాల్ట్ అనే ఆంగ్ల రచయిత శాకాహారాన్ని సమర్థిస్తూ 1886లో ప్రకటించిన చిన్న గ్రంథమొకటి. ఒక షిల్లింగు ఇచ్చి దానిని కొన్నాడు. ఇంగ్లండు చేరిన తరువాత తొలిసారి కడుపునిండా భుజించాడు. ఆ పుస్తకాన్ని మొదటి నుండి చివరి వరకు చదివాడు. అంతవరకు అతనికి నియమం తల్లి కొరకు, సత్యం కొరకు. ఎప్పటికైనా భారతీయులందరూ మాంసాహారులు కావాలనే కోరిక మనసులో దాగి ఉండనే ఉంది. ఆనాటి నుండి ఆ కోరిక తలక్రిందులైంది. తల్లికిచ్చిన మాట తన నిర్ణయంగా మారింది. బలమే మాంసాహారానికి ప్రమాణమని నమ్మిన బాలునికి, ఏ జాతి బలాన్ని చూచి మోసపోయాడో ఆ జాతివాడే సమాధానం చెప్పడం గమనింపదగినది.

అయినా పరీక్షలు ముగియలేదు. గ్రుడ్డు మాంసం కాదన్న వాదన విని కొద్దికాలం తిన్నాడు. తరువాత ఆలోచన కలిగింది. ప్రమాణం చేయించుకున్న తల్లి మనసులో మాంసమన్న మాటకు ఏ అర్థం ఉన్నదో అదే తనకు శాసనమని గ్రహించి మానివేశాడు. శాకాహార భోజనశాలలలో సైతం ఎన్నో వంటకాలలో గ్రుడ్డు కలిసేది. ప్రతిదానిని అడిగి తెలుసుకొని, చాలవరకు విడిచిపెట్టవలసి వచ్చింది. ఈ కాలంలోనే లండను శాకాహార సంఘపు కార్యవర్గంలో సభ్యుడయ్యాడు. ఆ సంఘ పత్రికలో భారతదేశపు శాకాహారులను గురించి 1891లో వ్యాసాలు వ్రాశాడు.

1891 జూన్‌లో బారిస్టరై స్వదేశానికి బయలుదేరాడు. తల్లిని చూడాలని తహతహలాడుతూ బొంబాయిలో దిగాడు. తాను ఇంగ్లండులో ఉండగానే ఆమె కన్నుమూసిందని అన్నగారు అప్పుడు తెలియజేశారు. ఎవరి కొరకు నియమం పట్టాడో ఆమె ఇక లేదు. బాల్యంలో అతడు తనకు తాను పెట్టుకున్న గడువు కూడా ముగిసింది. ఇప్పుడు మాంసం తిన్నా అబద్ధమాడవలసినవారు లేరు. కాని తినవలెనన్న కోరికయే మిగలలేదు.

ఈ ప్రశ్న మరల తండ్రిగా ఆయనకు ఎదురైంది. 1902లో బొంబాయిలో, పదేండ్ల కుమారుడు మణిలాలు తీవ్రమైన సన్నిపాత జ్వరంతో పడిపోయాడు. గ్రుడ్లు, కోడిపులుసు ఇవ్వమని వైద్యుడు సలహా ఇచ్చాడు. గాంధీజీ ఆ మాట కుమారునికి చెప్పి అతని అభిప్రాయం అడిగారు. ఆ రెండూ వద్దని బాలుడు అన్నాడు. తాను ఇచ్చి ఉంటే ఆ పిల్లవాడు కాదనక తినేవాడని కూడా గాంధీజీ ఎరుగుదురు. నీటి చికిత్స చేస్తూ, పగలు రాత్రి మథనపడ్డారు. పిల్లల ప్రాణం మీద తన నమ్మకాన్ని ప్రయోగించే హక్కు తండ్రికి ఉన్నదా అని తమను తామే ప్రశ్నించుకున్నారు. మణిలాలు కోలుకున్నాడు. అది చికిత్స వలననో, పథ్యం వలననో, భగవత్కృప వలననో చెప్పలేమని గాంధీజీ ఆ తరువాత వినయంగా వ్రాశారు.

1931 నవంబరు 20వ తేదీన, రౌండ్ టేబుల్ సమావేశానికి లండను వెళ్లిన గాంధీజీ శాకాహార సంఘపు సభలో ప్రసంగించారు. ఎనుబదేండ్ల హెన్రీ సాల్ట్ ఆ సభకు వచ్చారు. ఆరోగ్యం కొరకు మాత్రమే శాకాహారం పట్టినవారు చాలవరకు నిలువలేకపోయారనీ, నియమానికి నైతికమైన పునాది ఉండాలనీ గాంధీజీ ఆ సభలో చెప్పారు. అది ఏటి ఒడ్డున మేకమాంసం నమిలిన నాటి నుండి ఆయన అనుభవించి తెలుసుకున్న సంగతి.

తల్లిదండ్రులకు ఎన్నడూ చెప్పుకోలేకపోయిన ఆ తప్పును గాంధీజీ తన ఆత్మకథలో లోకానికంతటికీ చెప్పారు. ఆ రచన 1925 నుండి పత్రికలో వారం వారం వెలువడింది. అప్పటికి ఆయన వయసు ఏబదియారేండ్లు. తనను ఆ దారి పట్టించిన మిత్రుని పేరు మాత్రం అందులో వ్రాయలేదు. తప్పు తనదిగానే చెప్పుకున్నారు. ఇంట ఆ ప్రశ్న అడగగలిగి ఉంటే ఏటి ఒడ్డుకు పోవలసిన పని ఉండేది కాదేమో. సంశయం కలిగిన బిడ్డకు జవాబు ఇంట దొరకనప్పుడే ఏకాంత ప్రదేశం వెదుక్కుంటాడు. ప్రశ్నను విని ఓర్చుకున్న ఇంట, నేటి తల్లి మాట రేపటికి బిడ్డ మాట కాగలదు.